డౌన్‌లోడ్ చేసిన మ్యాప్ వయసెంత?

సంపాదకులకు నమస్కారం.

ప్రయాణాల మీద మీరు వేసే చిట్కాల్లో ఒకటి సెలవులు రాగానే తప్పకుండా కనపడుతుంది. "వెళ్లబోయే ప్రాంతం మ్యాప్‌ను ముందే ఫోన్లోకి డౌన్‌లోడ్ చేసుకోండి, నెట్ లేకపోయినా దారి చూపిస్తుంది" అని. మాట నిజమే, నన్నడిగినా అదే చెబుతాను. కాకపోతే అది సగం మాట. ఆ మ్యాప్ ఏం చూపించలేదో, ఎప్పుడు చేతులెత్తేస్తుందో, ఎక్కడ తప్పు చెబుతూ కూడా నమ్మకంగా "కుడివైపు తిరగండి" అంటుందో ఆ రెండో సగం ఎవరూ రాయరు. చదివినవాళ్లు డౌన్‌లోడ్ బటన్ నొక్కేసి ఇక ఏ టెన్షనూ లేదనుకుని బయల్దేరతారు. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగే అవుతుంది, మీకు వీలున్నంత వేసుకోండి.

ముందు ఒక అపోహ తీసేస్తే మిగతాది తేలిక. నెట్ లేకపోతే జీపీఎస్ పనిచేయదని చాలామంది గట్టిగా నమ్ముతారు. ఫోన్ వాడకంలో ఆరితేరిన మా బావగారు కూడా మొన్నీమధ్య దారిలో "డేటా పోయింది, ఇంక లొకేషన్ ఏం వస్తుందిలే" అని ఫోన్ తీసి జేబులో పెట్టుకున్నారు. "బావగారూ, దానికి డేటాతో పనిలేదు, ఒక్కసారి తెరిచి చూడండి" అంటే నమ్మలేదు. మ్యాప్ మీద మనమున్న చోటు చూపించే నీలి చుక్క కదులుతుంటే మాత్రం చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నారు. జీపీఎస్ విషయంలో ఫోన్ చేసేది రేడియో చేసే పనే, వినడం. పైన సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే శాటిలైట్లు "నేను ఫలానా చోట ఉన్నాను, ఇప్పుడు టైమ్ ఇంత" అని అదే పనిగా చెబుతుంటాయి. ఫోన్ ఆ మాటలు విని, ఏ సిగ్నల్ ఎంత ఆలస్యంగా చేరిందో లెక్కగట్టి తను ఎక్కడుందో తేల్చుకుంటుంది. తిరిగి శాటిలైట్‌కి ఏమీ పంపదు. కాబట్టి సిమ్ లేకపోయినా, ఫ్లైట్ మోడ్‌లో పెట్టినా ఇప్పటి ఫోన్లలో చుక్క వస్తుంది. దీనికి కనీసం 4 శాటిలైట్లు వినపడాలి. మూడు దిశల దూరాలకి మూడు, ఫోన్‌లో ఉండే చవకరకం గడియారం తప్పును సరిచేసుకోవడానికి నాలుగోది. గడియారం సెకనులో పదిలక్షవ వంతు తేడా పడితే చాలు, దూరం లెక్క 300 మీటర్లు తప్పుతుంది, ఎందుకంటే సిగ్నల్ వచ్చేది కాంతి వేగంతో. అమెరికా జీపీఎస్ ఒక్కటే కాదు, రష్యా గ్లోనాస్, యూరప్ గెలీలియో, చైనా బైడూ కూడా మన ఫోన్లు వింటున్నాయి. అందుకే పదేళ్ల కిందటి ఫోన్ల కంటే ఇప్పటివి త్వరగా దొరకబుచ్చుకుంటాయి.

మరి నెట్ లేనప్పుడు చుక్క రావడానికి ఒక్కోసారి అంత సేపెందుకు? ఇక్కడే మొదటి పరిమితి ఉంది, దీన్ని ఏ చిట్కాలోనూ నేను చూడలేదు. ఏ శాటిలైట్ ఇప్పుడు కచ్చితంగా ఎక్కడుందో ఫోన్‌కి తెలియాలి. నెట్ ఉన్నప్పుడు ఆ వివరాలు క్షణంలో దిగిపోతాయి. లేనప్పుడు శాటిలైట్ నోటి నుంచే వినాలి, అది చెప్పే వేగం సెకనుకు 50 బిట్లు, అంటే ఇప్పటి లెక్కల్లో లెక్కలోకే రాని వేగం. ఒక్కో శాటిలైట్ తన కక్ష్య వివరాలను 30 సెకన్లకోసారి మొదటినుంచి మళ్లీ చెబుతుంది, మధ్యలో చెట్లో గోడలో అడ్డమొచ్చి సిగ్నల్ తెగితే తప్పిపోయిన ముక్క కోసం తర్వాతి విడత దాకా ఆగాల్సిందే. అన్ని శాటిలైట్ల రఫ్ పట్టిక మొత్తం వినాలంటే పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. పైగా ఒకసారి విన్న కక్ష్య వివరాలు కొన్ని గంటలకే పాతబడతాయి. కాబట్టి పొద్దున బయల్దేరినప్పుడు టక్కున వచ్చిన చుక్క, సాయంత్రం దాకా ఫోన్ కట్టేసి సిగ్నల్ లేని చోట ఆన్ చేస్తే నిదానిస్తుంది. ఫోన్ పాడైందని దాన్ని మళ్లీ మళ్లీ రీస్టార్ట్ చేసేవాళ్లున్నారు, అలా చేస్తే ఇంకా ఆలస్యమవుతుంది తప్ప ఒరిగేదేమీ లేదు. ఆకాశం కనపడే చోట కదలకుండా కాసేపు నిలబడటమే మందు.

చుక్క సంగతి ఇది. ఇప్పుడు అసలు విషయానికొస్తాను.

తెరమీద మనకు కనపడేది ఒకే బొమ్మలా ఉంటుంది కానీ అందులో రెండు వేర్వేరు సంగతులున్నాయి. చుక్క ఒకటి, దాని కింద ఉన్న రోడ్ల బొమ్మ ఇంకొకటి. చుక్క ఈ క్షణం నాటిది. బొమ్మ మీరు డౌన్‌లోడ్ చేసిన రోజుది, ఇంకా నిజం చెప్పాలంటే ఆ రోజుకి కంపెనీ దగ్గర ఉన్న సమాచారం నాటిది, అది అంతకు ముందెప్పటిదో మనకు తెలియదు. నెట్ ఉన్నప్పుడు ఈ రెండింటి మధ్య దూరం కొంత తగ్గుతుంది, ఎవరో రోడ్డు మూసేశారని చెబితే, ముందు వెళ్లిన బళ్లన్నీ ఒకచోట ఆగిపోతే ఆ సంగతి మన తెరమీదకి వస్తుంది. నెట్ పోగానే ఆ దారం తెగిపోతుంది. చుక్క మాత్రం ఎప్పటిలాగే చురుగ్గా కదులుతుంటుంది, గొంతు అంతే ధీమాగా పలుకుతుంది, నీలి గీత అంతే నున్నగా సాగుతుంది. చూసేవాడికి తేడా ఏమీ తెలియదు. నా ఫిర్యాదంతా ఇదే. ఆఫ్‌లైన్ మ్యాప్‌లో లోపాలుండటం తప్పు కాదు, లోపాలు లేనట్టు కనపడటం తప్పు.

గూగుల్ మ్యాప్స్ సంగతే తీసుకోండి, అందరి దగ్గరా ఉండేది అదే కనుక. ఆఫ్‌లైన్‌లో ఏమేం ఉండవో వాళ్ల సహాయ పేజీలోనే రాసుంది, దాచిపెట్టిందేమీ కాదు. కారు దారులు వస్తాయి, నడక దారులు రావు, బస్సు, రైలు, సైకిల్ దారులు రావు. కారు దారిలో కూడా ట్రాఫిక్ ఉండదు, ఇంకో దారి ఏదైనా ఉందా అంటే చూపించదు, ఏ లేన్‌లో ఉండాలో చెప్పదు. కొన్ని ప్రాంతాలకైతే డౌన్‌లోడే కుదరదు, ఒప్పందాల వల్లనో భాష, చిరునామాల తీరు వల్లనో అని కారణం చెబుతారు. దిగిన మ్యాప్‌కి గడువుంటుంది, గడువు 15 రోజుల్లోకి వచ్చాక వైఫై దొరికితే తనే అప్‌డేట్ చేసుకోవడానికి ప్రయత్నిస్తుంది. ఇదంతా చదివినవాళ్లు ఎంతమంది? అందులో నడక సంగతి చాలామందికి దెబ్బ. తెలియని ఊళ్లో కారు ఒకచోట పెట్టి నడిచి తిరుగుదామనుకున్నవాడికి సరిగ్గా కావాల్సినప్పుడే దారి రాదు. చుక్కను చూసుకుంటూ, వీధులు లెక్కపెట్టుకుంటూ పోవాల్సిందే. అది పెద్ద కష్టం కాదు, కానీ ముందు తెలిసుంటే మనిషి కంగారుపడడు.

ఇక వెతకడం. నెట్ ఉన్నప్పుడు మనం పేరు ఎలా కొట్టినా, సగం కొట్టినా, తప్పు కొట్టినా అవతల కంప్యూటర్లు మన మనసులో మాట పట్టేసుకుంటాయి. ఆ తెలివంతా మన ఫోన్‌లో ఉందని మనం భ్రమపడతాం. ఆఫ్‌లైన్‌లో అది ఫోన్‌లో ఉన్న జాబితాలో వెతుకుతుంది, అంతే. ఒక్క అక్షరం తేడా పడినా "ఫలితాలు లేవు" అని ముఖం మీద చెప్పేస్తుంది, ఆ చోటు మ్యాప్‌లో పేరుతో సహా కళ్ల ముందు కనపడుతున్నా సరే. దొరికిన చోట్లకి కూడా ఫోటోలు, జనం రాసిన అభిప్రాయాలు వస్తాయన్న నమ్మకం లేదు, ఇవాళ తెరిచారా లేదా అన్నదీ నమ్మడానికి లేదు. పెట్రోల్ బంకు ఉందని చూపించే గుర్తు, అక్కడ ఒకప్పుడు పెట్రోల్ బంకు ఉండేదని చెప్పే గుర్తు, రెండూ ఒకేలా ఉంటాయి. అందుకని వెళ్లాల్సిన చోట్లన్నీ ముందే నెట్ ఉన్నప్పుడు వెతికి, నక్షత్రం గుర్తో జెండా గుర్తో పెట్టి సేవ్ చేసుకోవడం మేలు. పేరు గుర్తులేకపోయినా గుర్తు కనపడుతుంది.

హద్దుల గొడవ ఇంకొకటి. డౌన్‌లోడ్ చేసేటప్పుడు తెరమీద ఒక చతురస్రం వస్తుంది, దాన్ని ఊరి మీద సర్ది బటన్ నొక్కుతాం. ఫైలు మరీ పెద్దదవుతుందని కొంచెం కుదిస్తాం. ఆ అంచు దాటగానే ఏమవుతుందో ఎప్పుడైనా చూశారా? చిన్న రోడ్లన్నీ మాయమై, పెద్ద రోడ్డు ఒక్కటే మసకగా మిగులుతుంది, ఇంకొంచెం జూమ్ చేస్తే అదీ పోయి ఉత్త బూడిదరంగు తెర మీద చుక్క ఒంటరిగా నడుస్తుంటుంది. ఎక్కడున్నామో కచ్చితంగా చెబుతుంది, ఆ చోటు పేరేమిటో చెప్పదు. పోనీ ఊరు మొత్తం పడుతుందిలే అనుకుంటే, దారి వేసేటప్పుడు ఇంకో మెలిక ఉంది. మంచి దారి ఆ చతురస్రం బయటి నుంచి పోతే దానికి తెలియదు, లోపల ఉన్న రోడ్లతోనే సర్దుకుని ఎక్కడెక్కడో తిప్పుతుంది, లేదా దారి దొరకలేదంటుంది. బయల్దేరే చోటు, చేరే చోటు రెండూ ఉంటే చాలదు, మధ్యలోదీ ఉండాలి, దారి మళ్లించాల్సి వస్తే ఉపయోగపడేలా చుట్టుపక్కలదీ కొంత ఉండాలి. జాగా గురించి మరీ పిసినారితనం అక్కర్లేదు. ఇప్పటి మ్యాపులు ఫోటోల్లా కాకుండా గీతలు, బిందువుల లెక్కలుగా దిగుతాయి కాబట్టి, ఉపగ్రహ చిత్రాలతో పోలిస్తే చాలా తక్కువ చోటు పడుతుంది. ఆ ఉపగ్రహ చిత్రాలు ఆఫ్‌లైన్‌లో ఎందుకు రావో కూడా దీన్నిబట్టే తెలుస్తుంది.

గూగుల్ కాకుండా వేరేవి లేవా అంటే ఉన్నాయి. నిజానికి ఈ ఆఫ్‌లైన్ పద్ధతి కొత్తదేం కాదు. 2010 జనవరిలోనే నోకియా తన ఫోన్లలో మ్యాప్‌తో పాటు మాట్లాడి దారి చెప్పే సౌకర్యాన్ని ఉచితం చేసింది, మ్యాప్ ఫోన్‌లోనే ఉండేది, నెట్ లేకుండా నడిచేది. ఆ వారసత్వమే ఇప్పటి హియర్ వియ్‌గో అనే మ్యాప్ యాప్. గూగుల్ ఆఫ్‌లైన్‌లో దారి చెప్పడం 2015 చివర్లో మొదలుపెట్టింది, యాపిల్ అయితే 2023లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 17తో గానీ రాలేదు. వీటికి పక్కన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఉంది. 2004లో బ్రిటన్‌లో మొదలైంది, ఎవరైనా సరిదిద్దగలిగే మ్యాప్, ప్రపంచం నలుమూలలా జనం స్వచ్ఛందంగా గీస్తున్నది. ఆర్గానిక్ మ్యాప్స్, ఓస్‌మాండ్ లాంటి యాప్‌లు ఆ సమాచారాన్నే ప్రాంతాల వారీగా దింపుకుని నెట్ లేకుండా నడుస్తాయి. నడక దారులు, సైకిల్ దారులు, కాలిబాటలు, కొండల ఎత్తులు ఇందులో ఆఫ్‌లైన్‌లోనే వస్తాయి. నడిచేవాళ్లకి, కొండలెక్కేవాళ్లకి నా ఓటు వీటికే. ఇందులోనూ లోటుంది. ఎక్కడ గీసేవాళ్లు ఎక్కువ ఉన్నారో అక్కడ చెట్టు కింద బెంచీ కూడా కనపడుతుంది, ఎవరూ లేని చోట రోడ్డే ఉండదు. వన్‌వే అని ఎవరూ రాయకపోతే యాప్‌కి వన్‌వే తెలియదు. పాడైపోయిన వంతెనను ఎవరో ఒకరు తీసేదాకా అది మ్యాప్‌లో బాగానే ఉంటుంది. పైగా మ్యాప్‌లో ఇవాళ సరిదిద్దినా మీ ఫోన్‌లో ఉన్న పాత ఫైలు దానంతటది మారదు, యాప్ కొత్తది విడుదల చేయాలి, మీరు మళ్లీ దింపుకోవాలి.

ఇంతకీ పాత సమాచారం వల్ల, తప్పు సమాచారం వల్ల ఏమవుతుందో ఊహించి చెప్పాల్సిన పనిలేదు. 2012 డిసెంబరులో ఆస్ట్రేలియాలోని విక్టోరియా పోలీసులు జనానికి ఒక హెచ్చరిక చేశారు. మిల్డూరా అనే పట్టణానికి ఐఫోన్ మ్యాప్ పెట్టుకుని బయల్దేరిన వాళ్లని అది పట్టణానికి కాక, సుమారు 70 కిలోమీటర్ల దూరంలో ఉన్న మర్రే-సన్‌సెట్ జాతీయ పార్కు నట్టనడుమకి తీసుకెళ్తోంది. అక్కడ నీళ్లుండవు, వేడి 46 డిగ్రీల దాకా పోతుంది. కొందరు 24 గంటల వరకూ తిండీ నీళ్లూ లేకుండా చిక్కుకుపోయారు, ఫోన్ సిగ్నల్ కోసం చాలా దూరం నడవాల్సి వచ్చింది. చివరి మాట ఇంకోసారి చదవండి. మ్యాప్ తప్పు, అది తప్పని తెలిసేటప్పటికి ఫోన్ చేసే వీల్లేదు. జీపీఎస్ చుక్కకు అక్కడ ఏ లోపమూ లేదు, ఊరు గుర్తును మ్యాప్‌లో వేరే చోట పెట్టారు. అదే ఏడాది నవంబరులో ఇంకో చిత్రం జరిగింది. ఆస్ట్రేలియాకి తూర్పున ఉన్న కోరల్ సముద్రంలో శాండీ ఐలండ్ అని ఒక దీవి గూగుల్ మ్యాప్‌లోనూ ఇతర మ్యాపుల్లోనూ ఉండేది. ఆస్ట్రేలియా పరిశోధన నౌక ఒకటి ఆ చోటికి వెళ్లి చూస్తే దీవీ లేదు గీవీ లేదు, ఉత్త సముద్రం. మ్యాప్ నుంచి మ్యాప్‌కి ఎక్కించుకుంటూ వచ్చారన్నమాట.

కొండల సంగతి ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 2021లో స్కాట్లాండ్ పర్వతారోహణ సంస్థ, కొండలూ అడవుల సంరక్షణ చూసే జాన్ మ్యూర్ ట్రస్ట్ కలిసి అక్కడి బెన్ నెవిస్ కొండ విషయంలో గూగుల్ మ్యాప్స్ చూపిస్తున్న నడక దారి ప్రాణాంతకం కావచ్చని బహిరంగంగా చెప్పాల్సి వచ్చింది. కార్ పార్కింగ్ నుంచి శిఖరం దాకా చుక్కల గీత ఒకటి గీసింది, అది పోయే చోట నిటారు రాళ్లు, దారే లేని నేల. తెరమీద గీతకు ఏటవాలు తెలియదు కదా. ఎత్తు రేఖలు లేని మ్యాప్‌ను నమ్ముకుని కొండెక్కకూడదని ఎవరైనా పెద్దవాళ్లు చెబితే చాదస్తం అనుకోకండి.

చుక్క తాజాదన్నానే గానీ కచ్చితమైనదని అనలేదు. ఆకాశం విప్పారి కనపడే చోట ఫోన్ చూపేది సుమారు 5 మీటర్ల అటూ ఇటూగా నిజం. ఎత్తైన భవనాల మధ్య, లోయల్లో, దట్టమైన చెట్ల కింద సిగ్నల్ గోడలకి తగిలి తిరిగి వస్తుంది, ఆలస్యంగా వచ్చిన సిగ్నల్‌ను ఫోన్ ఎక్కువ దూరం కింద లెక్కేసుకుంటుంది, చుక్క పక్కవీధిలోకి దూకుతుంది. చుక్క చుట్టూ లేత నీలి వలయం ఒకటి వస్తుంది చూడండి, అది అలంకారం కాదు. "ఈ వలయంలో ఎక్కడో ఉన్నాను" అని ఫోన్ ఒప్పుకోవడం అది. వలయం పెద్దదైతే నమ్మకం తగ్గించుకోవాలి. దీన్ని ఒక్కదాన్నే మ్యాప్ నిజాయితీ అంటాను నేను. దురదృష్టమేమిటంటే దారి చెప్పే మోడ్‌లోకి వెళ్లగానే చాలా యాప్‌లు ఆ వలయం తీసేసి, చుక్కను బలవంతాన దగ్గరి రోడ్డు మీదకి అతికించేస్తాయి. ఫ్లైఓవర్ మీదున్నామో దాని కింద సర్వీస్ రోడ్డులో ఉన్నామో దానికి తెలియక తికమక పడటం కారు నడిపే ప్రతివాడికీ అనుభవమే. దిక్కు చూపే బాణం ఇంకా బలహీనం. నిలబడి ఉన్నప్పుడు అది ఫోన్‌లో ఉన్న అయస్కాంత దిక్సూచిని నమ్ముకుంటుంది, ఫోన్ కవర్‌కి అయస్కాంతం ఉన్నా, పక్కన ఇనుము ఉన్నా అది వెర్రెత్తిపోతుంది. నాలుగు అడుగులు ముందుకేస్తే చుక్క కదిలిన వైపును బట్టి నిజం తెలిసిపోతుంది, దిక్సూచిని సరిచేయడానికి గాల్లో ఎనిమిది అంకె గీస్తూ ఫోన్ తిప్పేకంటే నాకదే నచ్చుతుంది.

బ్యాటరీ గురించి ఎక్కువ చెప్పను. తెర వెలిగి ఉండి జీపీఎస్ నడుస్తుంటే బ్యాటరీ కరుగుతుంది, ఎండలో డ్యాష్‌బోర్డు మీద పెడితే ఫోన్ వేడెక్కి తెర కాంతి తగ్గించేసుకుంటుంది. సిగ్నల్ లేని చోట ఫోన్ టవర్ కోసం అదే పనిగా వెతుకుతూ ఇంకా తాగేస్తుంది, అలాంటప్పుడు ఫ్లైట్ మోడ్ పెడితే చుక్క మానకుండానే బ్యాటరీ మిగులుతుంది. ఒకటే షరతు, ఎవరైనా మీకు ఫోన్ చేస్తారని ఎదురుచూస్తుంటే మాత్రం పెట్టకండి.

"ఇప్పుడు ఎక్కడ చూసినా టవర్లే కదా, ఈ ఆఫ్‌లైన్ గొడవ ఎవరిక్కావాలి" అనేవాళ్లకి ఒక మాట. సిగ్నల్ ఉన్న చోట కూడా నెట్ పోయే సందర్భాలు సరిగ్గా దారి తెలియాల్సిన సందర్భాలే. తుఫానొస్తే కరెంటు పోతుంది, టవర్ దగ్గర బ్యాటరీలు అయిపోయాక టవర్ పోతుంది. జనం లక్షల్లో చేరిన చోట నాలుగు గీతల సిగ్నల్ కనపడుతూనే ఒక్క పేజీ తెరుచుకోదు. వేరే దేశంలో దిగగానే రోమింగ్ ఉండకపోవచ్చు. కాబట్టి ఆఫ్‌లైన్ మ్యాప్ ఉండాల్సిందే. అందులో నాకు రెండో ఆలోచన లేదు. కానీ తుఫాను వెలిసిన మర్నాడు ఏ వంతెన కొట్టుకుపోయిందో, ఏ రోడ్డు మీద చెట్టు పడిందో అందులో ఉండదు. అలాంటి రోజున మీ చేతిలో ఉన్నది తుఫానుకి ముందటి లోకం బొమ్మ. దాన్ని బట్టి మనం ఎక్కడున్నామో తెలుసుకోవచ్చు, దారి మాత్రం మనుషుల్ని అడిగే తెలుసుకోవాలి.

ఆపదలో ఇంకో సంగతి ఉపయోగపడుతుంది, దీన్ని పిల్లలకి కూడా నేర్పించొచ్చు. చుక్క మీద వేలు అదిమిపెడితే చాలా యాప్‌లలో అక్షాంశం, రేఖాంశం అంకెల్లో వస్తాయి. దశాంశ బిందువు తర్వాత ఐదు అంకెల దాకా రాస్తే అది మీటరు దగ్గరి లెక్క, నాలుగైతే సుమారు 11 మీటర్లు, సహాయానికొచ్చేవాళ్లకి అది చాలు. నెట్ ఉండక్కర్లేదు. డేటా పని చేయని బలహీనమైన సిగ్నల్‌లో కూడా ఆ అంకెలు మామూలు ఎస్సెమ్మెస్‌లో వెళ్లే అవకాశముంది, లొకేషన్ లింకు పంపాలని చూస్తే అది అక్కడే గుండ్రంగా తిరుగుతూ ఉండిపోతుంది. అంకెలు పంపేటప్పుడు ముందు అక్షాంశం, తర్వాత రేఖాంశం. తారుమారైతే ఇంకో ఖండంలో వెతుకుతారు.

యాప్‌లు చేసేవాళ్లను నేనడిగేది పెద్ద కోరికేం కాదు. సూపర్ మార్కెట్లో పాల ప్యాకెట్ మీద కూడా తేదీ వేస్తున్నప్పుడు, మనిషిని తెలియని చోటికి నడిపించే మ్యాప్ మీద ఎందుకు వేయరు? సెట్టింగుల్లో నాలుగు మెట్లు దిగితే ఎక్కడో "అప్‌డేట్ చేసిన తేదీ" అని ఉంటుంది, అదీ మన ఫోన్‌లోకి దిగిన తేదీయే, రోడ్డును చివరిసారి ఎవరు ఎప్పుడు సరిచూశారో కాదు. నెట్ పోగానే తెర మూల "ఈ మ్యాప్ ఫలానా తేదీ నాటిది, ట్రాఫిక్, రోడ్డు మూసివేతలు ఇందులో లేవు" అని పెద్ద అక్షరాల్లో పడాలి. గీత రంగు మారాలి. చతురస్రం అంచు దగ్గరపడుతుంటే ముందే చెప్పాలి. దారి తీరు మట్టిరోడ్డో కంకరరోడ్డో అనుమానంగా ఉన్నచోట గీతను తెగ్గొట్టి చూపించాలి. ఇవన్నీ ఫోన్‌లో ఉన్న సమాచారంతోనే చేయొచ్చు, నెట్ అక్కర్లేదు. చేయకపోవడానికి కారణం సాంకేతికం కాదని నా అనుమానం. తెర శుభ్రంగా కనపడాలి, వాడేవాడికి సందేహం రాకూడదు, సందేహమొస్తే వేరే యాప్‌కి పోతాడు. సందేహం రావాల్సిన చోట రానివ్వకపోవడం సౌకర్యం ఎలా అవుతుంది?

మీ పత్రికను అడిగేది ఇంకా చిన్నది. ఈసారి ఆ చిట్కా వేసేటప్పుడు పక్కన మూడు ముక్కలు చేర్చండి. బయల్దేరే ముందు రోజు మ్యాప్‌ను ఇంకోసారి అప్‌డేట్ చేసుకోమని. డౌన్‌లోడ్ అయ్యాక ఇంట్లోనే ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, వైఫై కూడా ఆపి, వెళ్లాల్సిన చోటు పేరు కొట్టి దారి వస్తుందో లేదో చూసుకోమని, వచ్చిన దారిని మొదటినుంచి చివరిదాకా వేలితో జరుపుతూ పోతే ఎక్కడ బూడిదరంగు వస్తుందో అక్కడే తెలిసిపోతుందని. మలుపుల పేర్లు, చేరాల్సిన చోటి ఫోన్ నంబరు ఒక కాగితం మీద రాసుకోమని కూడా. కాగితం అనగానే నవ్వేవాళ్లుంటారు, వేయండి పర్వాలేదు.

ఇట్లు,
మీ పత్రిక పాఠకుడు